కార్డు లిమిట్ మీ పొదుపు కాదు: పుట్టినరోజు పార్టీకి లోనా, ఈఎంఐనా?

ప్రశ్న: వచ్చే నెలతో నాకు నలభై ఏళ్లు నిండుతాయి. జూబ్లీహిల్స్‌లో ఒక కాక్‌టెయిల్ బార్‌లో శనివారం రాత్రి నలభై మందికి పార్టీ ఇవ్వాలని ఉంది. మనిషికి రూ. 3,400 ప్యాకేజీ చెప్పారు. డీజే, డెకరేషన్, కేకు అన్నీ కలిపి రూ. 1.8 లక్షలు అవుతుందని నా అంచనా. చేతికొచ్చే జీతం రూ. 1,12,000. ఇంటి లోన్ ఈఎంఐ రూ. 34,000, కారుది రూ. 13,500. స్కూలు ఫీజులు, ఇంటి ఖర్చు, అమ్మానాన్నల మందులు కలిపి నెలకు రూ. 41,500. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) రూ. 10,000, చీటీ రూ. 5,000 కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో రూ. 70,000 ఉన్నాయి. రూ. 3 లక్షల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉంది కాబట్టి అత్యవసర నిధి విడిగా పెట్టుకోలేదు. బ్యాంకు యాప్‌లో 15 శాతానికి రూ. 2 లక్షల ప్రీ అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. అది తీసుకోవాలా, కార్డు గీకి ఈఎంఐగా మార్చుకోవాలా? ఏప్రిల్‌లో బోనస్ వస్తుంది. పోయినేడు పన్ను పోను రూ. 1.6 లక్షలు వచ్చింది.
– పాఠకుడు, మియాపూర్

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరాన్ని జవాబుకు ఎంచుకున్నది అందులోని ఒక్క మాట కోసం: ‘కార్డు ఉంది కాబట్టి అత్యవసర నిధి పెట్టుకోలేదు’. లక్ష దాటిన జీతాలున్న ఇళ్లలో ఈమధ్య చాలామంది ఇదే మాట అంటున్నారు. పార్టీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి.

లిమిట్ అంటే బ్యాంకు మీకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు. దాన్ని తగ్గించే అధికారం బ్యాంకు చేతిలోనే ఉంటుంది. జీతం ఆగి రెండు ఈఎంఐలు తప్పాయనుకోండి, ముందు కోత పడేది ఆ లిమిట్‌కే. యాప్‌లో ఇవాళ మెరుస్తున్న ప్రీ అప్రూవ్డ్ ఆఫర్ కూడా మీ ఖాతాలో జీతం పడుతోంది కాబట్టే కనిపిస్తోంది. జీతం ఆగిన నెల నుంచి అది కనపడదు. పైగా పార్టీ బిల్లు రూ. 1.8 లక్షలు కార్డు ఈఎంఐగా మారిస్తే, అంత మేరకు లిమిట్ బ్లాక్ అవుతుంది. మీరు కడుతున్న కొద్దీ మెల్లగా తెరుచుకుంటుంది. అంటే మీరు నిధి అనుకుంటున్న మూడు లక్షల్లో మర్నాడు పొద్దున మిగిలేది రూ. 1.2 లక్షలు. లిమిట్‌లో 60 శాతం వాడేసినందుకు సిబిల్ స్కోరు (అప్పులు ఎలా వాడి తీరుస్తున్నారో చూసి వేసే మార్కులు) తగ్గడం అదనం.

ఇప్పుడు మీ అంకెలే తీసుకుందాం. ఈఎంఐలు రూ. 47,500, ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు రూ. 41,500. జీతం వచ్చినా రాకపోయినా నెలకు రూ. 89,000 బయటికి పోవాల్సిందే. మీ దగ్గరున్న రూ. 70,000 ఇరవైమూడు రోజులకు సరిపోతుంది. ఇద్దరు పెద్దవాళ్లు కూడా ఉన్న కుటుంబానికి ఇరవైమూడు రోజుల నిల్వ. ఈ అంకెను మీ ఆవిడకు కూడా చూపించండి. ఆమెకు తెలియకుండా పార్టీ నిర్ణయం తీసుకోకండి.

‘కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా’ అంటారేమో. క్యాష్‌లెస్ ఉన్నా చాలా ఆసుపత్రులు అడ్మిషన్ దగ్గర డిపాజిట్ అడుగుతాయి. గ్లౌజులు, సిరంజీల్లాంటి వాటి ఖర్చు చాలా పాలసీల్లో రాదు. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉండి, మీరు అంతకన్నా ఖరీదైన గది తీసుకుంటే మిగతా బిల్లులో కూడా దామాషా ప్రకారం కోత పడుతుంది. అమ్మానాన్నలు ఆ పాలసీలో ఉన్నారో లేదో మీరు రాయలేదు. లేకపోతే పార్టీ కంటే అది తొందర పని. ఉద్యోగం మారినా, పోయినా కంపెనీ కవర్ కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా, అంటే సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ ఒకటి ఉండాలి.

ఇక లోన్ లెక్క. రెండు లక్షలు, 15 శాతం, 24 నెలలు: ఈఎంఐ దాదాపు రూ. 9,700. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో రూ. 4,720 ముందే కోసుకుంటారు, చేతికొచ్చేది రూ. 1,95,280. వడ్డీ రూ. 32,700 పైనే. ఒక్క రాత్రి సరదా మీద రూ. 37,400 అదనం. దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. సిప్, చీటీ పోను మీకు నెలకు మిగిలేది రూ. 8,000. ఈఎంఐ రూ. 9,700. అంటే మొదటి నెల నుంచే సిప్ ఆపాలి, లేదా కార్డు మీద పడాలి. మొత్తం ఈఎంఐలు జీతంలో సగం దాటుతాయి. బోనస్‌తో ముందే తీర్చేద్దామంటే, స్థిర వడ్డీ పర్సనల్ లోన్లకు చాలాచోట్ల ఫోర్‌క్లోజర్ చార్జీ ఉంటుంది.

కార్డు దారి ఇంకా చెడ్డది. కార్డు ఈఎంఐలో వడ్డీ మీద కూడా 18 శాతం జీఎస్టీ పడుతుంది. మామూలు బ్యాంకు లోన్ వడ్డీకి అది లేదు. ఈఎంఐగా మార్చడం మరిచిపోయి మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టి ఊరుకుంటే, నెలకు 3.5 శాతం లెక్కన రూ. 1.8 లక్షలకు ఒక్క నెల వడ్డీ రూ. 6,300, జీఎస్టీతో రూ. 7,434. ఆ తర్వాత అదే కార్డు మీద కొన్న పాలు, పెట్రోలుకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. తాగి తినేసిన వాటికి రెండేళ్లు వడ్డీ కట్టే పని ఏ దారిలోనూ మంచిది కాదు, రేటు ఎంత తక్కువ చెప్పినా సరే.

మిగతా దారులూ అడుగుతారని తెలుసు. బంగారం తాకట్టు, మ్యూచువల్ ఫండ్ల మీద లోన్: వడ్డీ తక్కువ, అయినా అప్పే. పార్టీ కోసం చీటీని తొందరపడి ఎక్కువ తగ్గించి పాడుకోవద్దు, ఆ నష్టం కూడా వడ్డీ లాంటిదే.

పార్టీ మానుకోమని నేను అనను. నలభై ఏళ్లు నిండడం సంతోషమే. కానీ బార్ వాళ్ల కొటేషన్ చదవడంలోనే చాలామంది మొదటి తప్పు చేస్తారు, మీరూ చేశారు. రూ. 3,400ని నలభైతో గుణిస్తే రూ. 1,36,000. అది బిల్లు కాదు, బిల్లుకు మొదలు మాత్రమే.

‘మినిమం గ్యారంటీ’ అనే మాట కొటేషన్‌లో వెతకండి. నలభై మందికి గ్యారంటీ ఇచ్చి ముప్పై ఒక్కరు వస్తే, రాని తొమ్మిది మందికి రూ. 30,600 కట్టాలి. శనివారం రాత్రి పిలిచినవాళ్లందరూ రారు. గ్యారంటీ ఎప్పుడూ ఖాయంగా వస్తారనుకున్న సంఖ్యకే ఇవ్వండి, పైన వచ్చినవాళ్లకు అదే రేటు వేయమనండి. తాగనివాళ్లకు వేరే రేటు అడగండి. నలభైలో పదిహేను మంది తాగనివాళ్లుంటే, వాళ్లకు రూ. 1,600 రేటు కుదిరినా రూ. 27,000 మిగులుతుంది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం పోయరు, కాబట్టి కాలేజీ పిల్లలకూ ఇదే రేటు.

అందరూ మోసపోయేది టైము దగ్గర. నాలుగు గంటల ప్యాకేజీ మీరు బుక్ చేసిన ఎనిమిదింటి నుంచి నడుస్తుంది, అతిథులు వచ్చినప్పటి నుంచి కాదు. కూకట్‌పల్లి, ఎల్బీనగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి వచ్చేసరికి తొమ్మిదింబావు. గంటంబావు అప్పటికే పోయింది. అందరూ కుదురుకునేసరికి మేనేజర్ వచ్చి ‘సార్, ఇంకో గంట పొడిగిద్దామా?’ అంటాడు. నలుగురి ముందు వద్దనడం ఎవరికైనా కష్టమే. ఆ గంట రేటు ఎంతో ముందే మెయిల్‌లో రాయించుకోండి, అవసరం లేకపోతే ‘పొడిగింపు లేదు’ అని కూడా రాయించండి.

ప్యాకేజీలో ఏ బ్రాండ్లు ఉన్నాయో పేర్లతో సహా కావాలి. సాధారణంగా షాట్లు, దిగుమతి విస్కీ, ఎనర్జీ డ్రింకు కలిపినవి, బాటిల్ నీళ్లు బయటే ఉంటాయి. అతిథి కౌంటర్ దగ్గరికెళ్లి షాట్లు చెప్తాడు, అవి మీ బిల్లులో చేరతాయి. ప్యాకేజీలో లేనిది ఎవరు ఆర్డర్ చేస్తే వాళ్లే కట్టాలని మేనేజర్‌తో ముందే తేల్చుకోండి.

పన్ను వరుస కూడా చూడండి. మద్యానికి జీఎస్టీ లేదు, రాష్ట్ర పన్ను వేరే. తిండికి, మాక్‌టెయిళ్లకు విడి రెస్టారెంటులో 5 శాతం, ఖరీదైన హోటల్లోని బార్ అయితే 18 శాతం. ప్యాకేజీ మొత్తం మీద జీఎస్టీ వేశారంటే తప్పు వేశారన్నమాట, తిండి, మద్యం విడగొట్టమనండి. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. బిల్లులో ఉంటే తీసేయమని అడగొచ్చు. రూ. 1,36,000 మీద 10 శాతమంటే రూ. 13,600.

ఇప్పుడు మీకు సరిపడే పార్టీ. తేదీ ఏప్రిల్ చివరికి, బోనస్ చేతికొచ్చాక మార్చండి. బోనస్ వస్తుందన్న నమ్మకంతో అడ్వాన్సు కట్టొద్దు, చాలాచోట్ల అది తిరిగి రాదు. బుధవారమో గురువారమో సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, పదహారు మంది. ప్యాకేజీ వద్దు, కూపన్లు పెట్టండి. తాగేవాళ్లు పదిమందికి తలా మూడు, ఒక్కోటి రూ. 650 లెక్కన రూ. 19,500. మిగతా ఆరుగురికి తలా రెండు మాక్‌టెయిళ్లు రూ. 4,200. తిండి మనిషికి రూ. 900 చొప్పున రూ. 14,400. జీఎస్టీ, కేకు, క్యాబ్‌లు కలిపితే రూ. 45,000 లోపు. మెనూలో రెండే కాక్‌టెయిళ్లు, ఒక బీరు, ఒక విస్కీ ఉంచండి. రకాలు తగ్గితే కౌంటర్ దగ్గర క్యూ ఉండదు. 750 మి.లీ. సీసాలో 60 మి.లీ. పెగ్గులు పన్నెండు వస్తాయి. విస్కీ తాగేవాళ్లు నలుగురుంటే సీసా రేటు అడగండి, పెగ్గుల లెక్క కన్నా తక్కువకు రావొచ్చు. రూ. 650లో పన్ను కలిసి ఉందో లేదో కూడా అడగాలి, లేకపోతే మనుషులను తగ్గించండి, బడ్జెట్‌ను పెంచకండి. సాయంత్రం ఆ వేళకి కొన్ని బార్లలో ఒకటికి ఒకటి ఆఫర్ ఉంటుంది, అది ఉంటే కూపన్ల ఖర్చు దాదాపు సగమవుతుంది.

క్యాబ్‌ల ఖర్చు మాత్రం కోయొద్దు. తాగి నడిపి గుద్దితే కారు డ్యామేజీ క్లెయిమ్‌ను బీమా కంపెనీ తోసిపుచ్చుతుంది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే చాలు, మొదటిసారికే రూ. 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కారు ఈఎంఐ మాత్రం ఆగదు.

బోనస్‌లో మిగిలే రూ. 1,15,000 నిధికి వెళ్లాలి. ఇప్పుడున్నదానితో కలిపి రూ. 1,85,000, రెండు నెలలకు కాస్త ఎక్కువ. గమ్యం ఆరు నెలలు, అంటే రూ. 5,34,000. అది నిండేదాకా సిప్ రూ. 10,000 కూడా ఇటే మళ్లించండి. నెలనెలా మిగిలే రూ. 8,000తో కలిపి రూ. 18,000 చొప్పున ఇరవై నెలల్లో పూర్తవుతుంది, వచ్చే ఏడు బోనస్ కలిస్తే ఇంకా ముందే. ఇరవై నెలలు సిప్ ఆగితే లాభం పోతుందని బాధపడకండి. నిధి లేని సిప్‌ను మార్కెట్ పడిన నెలలోనే అమ్ముకోవాల్సి వస్తుంది. ఒక నెల ఖర్చు స్వీప్ ఇన్ డిపాజిట్‌లో (సేవింగ్స్ ఖాతాకు జతగా ఉండే, కావాల్సినప్పుడు తీసుకోగల ఎఫ్‌డీ), మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ గడువు రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఫండ్ నుంచి అప్పటికప్పుడు రోజుకు రూ. 50,000 లేదా విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చు, మిగతాది మర్నాటి పనిదినానికి వస్తుంది. ఆ ఖాతాకు యూపీఐ తగిలించవద్దు. మీరే ఆసుపత్రి మంచం మీదుంటే డబ్బు తీయాల్సింది మీ ఆవిడే కాబట్టి ఖాతా ఇద్దరి పేరా ఉండాలి, పాస్‌వర్డ్ ఆమెకు తెలియాలి.

బోనస్ జమైన రోజే ముందు ఆ రూ. 1,15,000 బదిలీ చేయండి. బార్‌కు ఫోన్ చేయడం ఆ తర్వాత.