క్యాపిటల్ అక్షరాల చిక్కు: డీటీపీ షాపు పెట్టిన మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర షాపు తెరిచావని మీ అమ్మ చెప్పింది. ఇంగ్లీషు దస్తావేజులు కొడుతుంటే ఎమ్మెస్ వర్డ్ తనంతట తానే క్యాపిటల్ అక్షరాలు పెట్టేస్తోందని, దాన్ని మొత్తంగా ఆపేయాలా అని అడిగావట. మొత్తంగా ఆపకమ్మా. అర్జీలు, ఉత్తరాలు వేగంగా కొట్టేటప్పుడు అది చేసే సాయం తక్కువేమీ కాదు.

చుక్క, ఆ వెంట ఖాళీ కనిపిస్తే వాక్యం ముగిసిందనే వర్డ్ అనుకుంటుంది. సర్వే అనే మాటను కుదించి చుక్క పెట్టి ఖాళీ వదిలితే, ఆ తర్వాతి మాట క్యాపిటల్‌తో మొదలవుతుంది. భూమి కాగితాల్లో ఇలాంటి పొట్టి మాటలు అడుగడుగునా వస్తాయి గనుక, ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్ మీదుగా ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఎక్సెప్షన్స్ నొక్కి, ఫస్ట్ లెటర్ జాబితాలో వాటిని చుక్కతో సహా చేర్చు. అంత తీరిక లేనప్పుడు, అక్షరం మారిన వెంటనే కంట్రోల్ జడ్ నొక్కితే, నువ్వు కొట్టిన మాట చెరగకుండా వర్డ్ చేసిన దిద్దుబాటు మాత్రమే వెనక్కి పోతుంది.

అదే ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో, పట్టికల గడుల్లో మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసే టిక్కును మాత్రం ఈరోజే తీసెయ్. ఉద్దానం వైద్య శిబిరానికి మందుల పట్టిక కొట్టమని ఎవరైనా వస్తే, ప్రమాణం గడిలో మిల్లీగ్రాముకు స్మాల్ ఎమ్, స్మాల్ జీ కొడతావు. వర్డ్ ఆ ఎమ్‌ను క్యాపిటల్ చేస్తుంది. మెట్రిక్ కొలతల్లో క్యాపిటల్ ఎమ్ అంటే మెగా, అంటే మిల్లీగ్రాము కాస్తా నూరు కోట్ల రెట్లు పెరిగి టన్ను అయి కూర్చుంటుంది. చదివేవారు సర్దుకుని చదువుకుంటారు, నిజమే, కానీ మందుల కాగితంలో ఆ సర్దుబాటు వారికి వదలకూడదు.

తెలుగు లిపిలో క్యాపిటల్, స్మాల్ తేడాయే లేదు కనుక, తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న యూనికోడ్‌లో కొట్టే తెలుగుకు ఈ బెడద లేదు. యూనికోడ్ కాని పాత ఫాంట్ల సంగతి వేరు: వాటిలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, అందువల్ల వర్డ్ స్మాల్‌ను క్యాపిటల్ చేస్తే తెరమీద తెలుగు అక్షరమే మరొకటైపోతుంది. పెళ్లి కార్డులో పేరు అలా తారుమారైతే ఆ ఇంటివారికి సమాధానం చెప్పుకోలేవు. ఆ ఫాంట్లలో పని పట్టుకున్నప్పుడు ఆటోకరెక్ట్ టిక్కులన్నీ తీసేసి మొదలుపెట్టు.

అఫిడవిట్లలో ఉప అంశాలకు బ్రాకెట్లో సి కొట్టినప్పుడు అది కాపీరైట్ గుర్తుగా మారడం కూడా ఈ ఆటోకరెక్ట్ పనే. ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోనే కింద ఉన్న రీప్లేస్ జాబితాలోంచి ఆ వరుసను తొలగించు. ఇప్పటికే తప్పుపడిన మాటలను ఎంచుకుని షిఫ్ట్ ఎఫ్3 నొక్కుతూ పోతే స్మాల్, క్యాపిటల్ రూపాలు వరుసగా మారుతుంటాయి, మళ్లీ కొట్టనక్కరలేదు.

ఈ అమరికలు ఫైలుతోపాటు వెళ్లవు, కంప్యూటరులోనే ఉంటాయి. రెండో సిస్టమ్ కొన్నప్పుడు అందులోనూ ఇవన్నీ విడిగా చేసుకోవాలి.

ఇట్లు,
మీ పెద్దమావయ్య