‘రివర్ట్ చేయండి’ అంటే ఏం చేయాలి?

సందేహం: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. టీములో తెలుగువాళ్లమే ఎక్కువ. ‘ఈవోడీలోగా రివర్ట్ చేయండి’ (ఈవోడీ అంటే ‘ఎండ్ ఆఫ్ డే’, రోజు ముగిసే వేళ), ‘ఒకసారి అలైన్ అవుదాం’ అని రాసుకుంటుంటాం. ఇది తెలుగేనా? బదులుగా ఏం రాయాలి?

సమాధానం: వాక్యాల కట్టుబడి తెలుగుదే. పరాయి మాటకు ‘చేయు’, ‘అవు’ తగిలించి క్రియగా వాడుకోవడం మనకు పాత అలవాటు. రద్దు చేయడం, దాఖలు చేయడం, వసూలవడం, మంజూరవడం అన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి సర్కారు కచేరీల మీదుగా ఇలాగే వచ్చాయి. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. చదివినవాళ్లకు ఏం చేయాలో తెలియకపోతేనే తప్పు.

‘రివర్ట్’నే చూడండి. జవాబివ్వడం అనే అర్థం మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడింది. కోడు రాసేవాళ్లకు మాత్రం అది చేసిన మార్పును వెనక్కి తీసేయడం. ‘నాకు రివర్ట్ చేయండి’ అంటే ‘కు’ ఉంది కాబట్టి జవాబే. ‘మార్పును రివర్ట్ చేయండి’ అంటే ‘ను’ ఉంది కాబట్టి తీసేయడమే. చిక్కెక్కడంటే, ప్రాణం లేనివాటికి ‘ను’ వదిలేయడం తెలుగులో మామూలు. ‘పేమెంట్ పేజీ మార్పు సాయంత్రంలోగా రివర్ట్ చేయండి’ అని చాట్‌లో పెడితే ఒకరు జవాబు రాస్తారు, ఇంకొకరు కోడు తీసేస్తారు. ఈ మాటను కోడుకే ఉంచండి. జవాబు కావాలంటే ‘జవాబివ్వండి’, ‘ఏ సంగతీ చెప్పండి’ చాలు. ‘ప్రతిస్పందించగలరు’ లాంటి బరువు అక్కర్లేదు.

ఈవోడీ ఎవరి రోజుకు? న్యూయార్క్‌లో సాయంత్రం 5 అయ్యేసరికి మనకు వేసవిలో తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30. ‘శుక్రవారం సాయంత్రం 6 కల్లా’ అని రాయండి. ‘6 వరకు పంపండి’ అంటే కొన్ని ప్రాంతాలవాళ్లకు ‘6 లోపు’ అనే అర్థమవుతుంది. మిగతావాళ్లకు అప్పటిదాకా పంపుతూనే ఉండమన్నట్టు ఉంటుంది. కలగలుపు టీములో ‘కల్లా’నే మేలు.

‘అలైన్ అవుదాం’లో తిరకాసు ‘దాం’ దగ్గరుంది. అందులో ‘మనం’ ఉంది: చెప్పేవాళ్లూ, వినేవాళ్లూ కలిసి. కూర్చుని మాట్లాడుకోవాలనా, లేక మీ నిర్ణయానికి అవతలివాళ్లు ఒప్పుకోవాలనా? మొదటిదైతే ‘మాట్లాడుకుందాం’ అనండి. రెండోదైతే ‘మేం ఇలా అనుకున్నాం, మీకు సమ్మతమేనా?’ అని అడగండి. అప్పుడు ‘మేం’, ‘మీరు’ విడిపోతాయి, అవతలివాళ్లకు కాదనే వీలూ ఉంటుంది.

‘ఇష్యూ ఎస్కలేట్ చేయబడింది’ (సమస్య పైవాళ్ల దాకా వెళ్లింది) కూడా ఇంతే. ఆ ‘బడు’ కర్తను దాచేస్తుంది. ‘మేనేజరుకు ఇవాళ ఉదయం నేనే చెప్పాను’ అని రాస్తే, తర్వాత ఎవరిని అడగాలో అందరికీ తెలుస్తుంది.