ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉన్న బ్రామల్ లేన్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఒకప్పుడు క్రికెట్ ఆడేవారట, నిజమేనా?

నిజమే. అసలది క్రికెట్ కోసమే పుట్టిన గ్రౌండ్. ఫుట్‌బాల్ అందులో అద్దెకు దిగి, చివరికి ఓనర్‌నే ఖాళీ చేయించింది.

నేను షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చేసినప్పుడు మా రూమ్ ఆ స్టేడియానికి పది నిమిషాల నడక. ఒక శనివారం పది కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని లండన్ రోడ్డులో వస్తుంటే, ఎదురుగా ఎరుపు తెలుపు మఫ్లర్లతో జనం, తిరునాళ్లకు వెళ్తున్నట్టు. దారి లేక ఒక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పక్కన డెబ్బై దాటిన ఒకాయన, "ఇండియా నుంచా? అయితే నీది క్రికెట్టేగా. మా నాన్న నన్ను ఇక్కడికి క్రికెట్ చూడ్డానికే తీసుకొచ్చేవాడు" అన్నాడు. జోక్ అనుకున్నాను. ఆ రాత్రి చదివితే గానీ తెలియలేదు.

షెఫీల్డ్ అంటే ఉక్కు, చాకులు, కత్తెరలు. అక్కడి షెఫీల్డ్ యునైటెడ్ జట్టును 'బ్లేడ్స్' అంటారు. స్టేడియం ఉన్న వీధికి బ్రామల్ లేన్ అనే పేరు కూడా ఆకురాళ్లు తయారుచేసే బ్రామల్ కుటుంబం నుంచి వచ్చిందే. నార్‌ఫోక్ డ్యూక్ దగ్గర ఏడాదికి 70 పౌండ్లకు లీజుకు తీసుకున్న నేలలో 1855లో క్రికెట్ మొదలైంది. అప్పట్లో అది ఫ్యాక్టరీలకు దూరంగా, పొగ తగలని చోటు. తర్వాత ఊరే దాని చుట్టూ పెరిగింది. ఎంతగా అంటే, బయటి జట్టు బ్యాటింగ్‌కు దిగితే పక్క ఫ్యాక్టరీలవాళ్లు కావాలని పొగ ఎక్కువ వదిలేవారని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. 1902లో ఇక్కడ ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య ఒకే ఒక్క టెస్టు జరిగింది. ఆస్ట్రేలియా బ్యాటర్ క్లెమ్ హిల్ 119 కొట్టాడు, ఆస్ట్రేలియా 143 పరుగులతో గెలిచింది. మళ్లీ టెస్టు రాలేదు.

ఇక్కడ తొలి ఫుట్‌బాల్ మ్యాచ్ 1862 డిసెంబర్ 29న, షెఫీల్డ్ క్లబ్‌కూ హాలమ్ క్లబ్‌కూ మధ్య. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక లాంకషైర్‌లో మిల్లులు మూతపడ్డాయి. ఆ కార్మికుల కోసం చందాలు పోగుచేయడానికి ఆడిన ఆట అది.

నాకు బాగా నచ్చింది 1878 అక్టోబర్ 14 సంగతి. నాలుగు మూలలా చెక్క స్తంభాలు పాతి, పైన ఆర్క్ దీపాలు (అప్పటి కరెంటు దీపాలు) పెట్టి, గోల్‌పోస్టుల వెనకాల ఇంజన్లతో డైనమోలు తిప్పుతూ రాత్రిపూట మ్యాచ్ ఆడించారు. ఎడిసన్ బల్బు ఇంకా రాలేదు! వేలమంది జనం వచ్చారు. మైదానం వెలుగులో ఉంది గానీ గోడల దగ్గర చీకటే కదా, చాలామంది టికెట్ లేకుండానే దూరేశారు. మనవాళ్లయినా అంతే చేసేవారు.

1889 మార్చిలో ప్రెస్టన్, వెస్ట్ బ్రామ్ జట్ల మధ్య ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నాకౌట్ టోర్నీ) సెమీఫైనల్‌కు 22,688 మంది వచ్చారు. ఆ గేటు వసూళ్లు చూశాక గ్రౌండ్ కమిటీకి ఆశ పుట్టింది. ఆరు రోజులకే షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్ పెట్టేశారు. 1936లో లీడ్స్‌తో కప్ మ్యాచ్‌కు 68,287 మంది కిక్కిరిశారు. ఇప్పుడు అందులో సగం కూడా పట్టరు. 1940 డిసెంబర్‌లో జర్మన్ బాంబులకు జాన్ స్ట్రీట్ స్టాండ్ బాగా దెబ్బతింది.

ఇన్నేళ్లూ ఫుట్‌బాల్‌కు మూడు వైపులే స్టాండ్లు. నాలుగో వైపు క్రికెట్ మైదానం కాబట్టి ఖాళీ. 1973 ఆగస్టులో యార్క్‌షైర్, లాంకషైర్ చివరి క్రికెట్ మ్యాచ్ ఆడి వెళ్లిపోయాయి. 1975కల్లా ఆ ఖాళీలో సౌత్ స్టాండ్ లేచింది.

మీరు వెళ్తే ఒక గోల్‌పోస్టు వెనకాల ఉండే కాప్ స్టాండ్‌లో టికెట్ తీసుకోండి. ఎడమవైపు కనిపించేదే సౌత్ స్టాండ్. నేను వెళ్లిన రోజు ఆ స్టాండ్ వైపే చూస్తూ, క్రికెట్ పిచ్ సరిగ్గా ఎక్కడ ఉండేదో లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. చుట్టూ అందరూ ఒక్కసారిగా లేచి అరిచారు. గోల్ పడిందట.