బోరు ఎండినప్పుడు ‘దేవుని చిత్తం’ అంటే ఒళ్ళు మండుతోంది

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర పల్లె. బత్తాయి కాపు అమ్మి బిడ్డ పెళ్ళి చేద్దామని ముహూర్తం పెట్టుకున్నాం. రెండు బోర్లు ఎండిపోయాయి, చెట్లు వాడిపోయాయి. అప్పు తెచ్చి మూడో బోరు వేస్తే చుక్క నీరు పడలేదు. నా భార్య ‘అంతా దేవుని చిత్తం’ అంటుంది. ఆమెతో మాట్లాడటమే మానేశాను. అన్నీ దేవుడే నిర్ణయిస్తే నేను ఆలోచనలు చేయడం దేనికి?

జవాబు: తమ్ముడూ, పిల్లల్లా పెంచుకున్న చెట్లు కళ్ళముందే వాడిపోతుంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? అది అవిశ్వాసం కాదు.

బైబిల్లో అన్నలు గుంటలో పడేసి ఐగుప్తుకు బానిసగా అమ్మేసిన యోసేపు కథ మీకు తెలిసిందే. ‘నన్ను ఇక్కడికి పంపింది మీరు కాదు, దేవుడే’ అని అన్నలతో అన్నాడు. ఆ మాట ఎప్పుడన్నాడో చూడండి. 17 ఏళ్ళప్పుడు అమ్ముడుపోయాడు, 30 ఏళ్ళకు ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు. ఏడేళ్ళ సమృద్ధి, రెండేళ్ళ కరువు గడిచాక ఆ మాట వచ్చింది. అంటే సుమారు 22 ఏళ్ళు పట్టింది. గుంటలో ఉన్నప్పుడు మాత్రం బతిమాలాడని అన్నలే తర్వాత ఒప్పుకున్నారు (ఆదికాండము 42:21). జైల్లో కూడా ‘నేనేం తప్పూ చేయలేదు, ఫరోకు నా సంగతి చెప్పు’ అని రాజుకు ద్రాక్షారసం అందించే పానదాయకుణ్ణి అడిగాడు. దేవుని చిత్తం అని చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ మాట తన నోటితో తానే అన్నాడు. గుంటలో ఉన్నవాడికి పైనుంచి ఎవరూ చెప్పలేదు.

మీ ఆవిడ కూడా భయంతోనే ఆ మాట పట్టుకుని ఉంటుందని నాకనిపిస్తోంది. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాకపోవచ్చు. ‘నువ్వు అలా అంటే నా బాధ నీకు పట్టనట్టు అనిపిస్తోంది’ అని ఆమెకు చెప్పండి.

ఇక ఆలోచనలు దేనికి అన్నారు. కొత్త నిబంధనలోని తన పత్రికలో ‘ప్రభువు చిత్తమైతే’ అనమన్న యాకోబు (4:15) ఆ వెంటనే ‘మనం బతికుండి ఇది చేస్తాం, అది చేస్తాం’ అని కూడా అనమన్నాడు. చేయడం మానమనలేదు. కరువు వస్తుందని తెలిసిన యోసేపు పంటలో ఐదో వంతు దాచే ఏర్పాటు చేశాడు. దేవుడు చూపించాడు కదా అని ఊరుకోలేదు.

నాలుగో బోరు మాత్రం ఇప్పుడు వద్దు, ఎవరు పాయింటు చూపించినా సరే. బ్యాంకు అప్పైతే మేనేజరును కలిసి గడువు పెంచమని అడగండి. మగపెళ్ళివారికి ఉన్నదున్నట్టు చెప్పండి. పెళ్ళి చర్చిలో చిన్నగా చేయొచ్చు, వాయిదా వేయొచ్చు. దాచిపెట్టి వడ్డీకి తెస్తే ఆ టెన్షన్ మీ బిడ్డ కాపురంలోకి పోతుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టక చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మగపెళ్ళివారి ఇంటికి ఈ ఆదివారమే వెళ్ళండి, మీ ఆవిడను కూడా తీసుకుని.