వేసవి ఎండ వేడిని చలికాలం దాకా దాచుకోవచ్చా?

దాచుకోవచ్చు, కానీ పేటంతా కలిసి పెద్ద ఎత్తున కట్టుకుంటేనే. వరంగల్‌లో ఒక్క ఇంటి డాబా మీది ట్యాంకుతో అయ్యే పని కాదు.

కారణం సైజులోనే ఉంది. వేడి నిలవుండేది లోపలి నీళ్లలో, బయటికి పోయేది పైతలం నుంచి. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేస్తే నీళ్లు 8 రెట్లవుతాయి, పైతలం మాత్రం 4 రెట్లే. అందుకే పెద్దది నెమ్మదిగా చల్లారుతుంది.

కెనడాలోని ఒకొటోక్స్‌లో 52 ఇళ్లకు 2007 నుంచి ఇలా చేశారు. 144 బోర్లు వేసి, వేసవి వేడిని నేలలోకి పంపి చలికాలంలో వెనక్కి తీసుకున్నారు. నేల బాగా వేడెక్కడానికే కొన్నేళ్లు పట్టింది, ఈ ఓపిక తప్పదు. 2015–16 చలికాలంలో ఆ ఇళ్లను వెచ్చబరిచిన వేడంతా ఎండదే.

మందంగా ఇన్సులేషన్ చుడితే 200 లీటర్ల సోలార్ హీటర్ ట్యాంకు కూడా నెలల తరబడి వేడిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు, మహా అయితే కొన్ని రోజులు. పైగా ఆ నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు కాచినా అందులో ఉండే వేడి సుమారు 8 యూనిట్ల కరెంటుతో సమానం, అంతే. హన్మకొండలో డిసెంబరులోనూ మంచి ఎండ కాస్తుంది కాబట్టి స్నానాల నీళ్లకు ముందురోజు ఎండే చాలు.