పనల మీద వాన, కాగితం మీద పేరు

ప్రశ్న: మూడెకరాలు కౌలుకు తీసుకుని వరి వేశాను. కోసిన పనలు తుపాను వానకు నానిపోయాయి. బీమా సంగతి అడిగితే ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) ఆసామి పేరుందన్నారు. కౌలు కార్డుకు సంతకం పెడితే పొలం పోతుందని ఆయన భయం. ఈసారైనా ఏం చేయాలి?
– ఓ కౌలు రైతు, తెనాలి మండలం

జవాబు: ముందు ఆసామి భయం తీర్చాలి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు (సీసీఆర్సీ) 11 నెలలే చెల్లుతుంది. అది పంట మీద హక్కే తప్ప భూమి మీద కాదు, భూమి హక్కుల రికార్డు 1బీలో పట్టాదారు పేరు మారదు. ఒట్లు వేసేకన్నా ఎవరిదైనా పాత కార్డు తెచ్చి ఆయనకు చూపించండి.

కార్డు వచ్చాక ఈ-పంట మీ పేరిటే ఎక్కాలి. చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే: కార్డు కౌలుదారుదీ, నమోదు ఆసామిదీ. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు సరిచూసుకుని ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) మీరే చేయండి. రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు మళ్లీ చూసుకోండి. తప్పుంటే అభ్యంతరం చెప్పాల్సింది అప్పుడే, తుపాను వచ్చాక కాదు.

ప్రధానమంత్రి ఫసల్ బీమాలో (పంటల బీమాలో) ప్రీమియం కింద రైతు వాటా ఖరీఫ్ వరికి బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5. పరిహారాన్ని పంటకోత ప్రయోగాల్లో (ఎంచుకున్న చేలలో కోసి తూచి) తేలిన ఆ ప్రాంతపు దిగుబడిని బట్టి లెక్కిస్తారు. ఉదాహరణకు బీమా మొత్తం 40,000, హామీ దిగుబడి 20 క్వింటాళ్లు అనుకుందాం. ప్రయోగంలో 15 వస్తే నాలుగో వంతు, అంటే 10,000 వస్తుంది. మీ చేను ఒక్కటే దెబ్బతింటే ఈ లెక్కకు అందదు.

పనల నష్టం వేరు. కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల దాకా తుపాను వానల రక్షణ ఉంది. కానీ 72 గంటల్లోపు పంటల బీమా ఫోన్ నంబరు 14447కు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. కుప్ప వేశాక ఇది వర్తించదు.

డబ్బు వచ్చేలోగా గింజను కాపాడుకోవాలిగా! ముందు మడిలో నీరు తీసేయండి. 200 లీటర్ల నీటికి 10 కిలోల ఉప్పు కలిపి, వడగట్టి, పనల మీద తడిసేలా పిచికారీ చేయండి. ఈ 5 శాతం ద్రావణం గింజ మొలకెత్తకుండా ఆపుతుంది. నీరు నిలిచి ఉండగా కొడితే వృథా. ఆరాక పనలు తిరగేయండి. వచ్చే ఏటికి నిద్రావస్థ ఉన్న (తడిసినా గింజ వెంటనే మొలకెత్తని) రకాల గురించి బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో అడగండి. సాంబ మసూరి (బీపీటీ 5204) పుట్టింది అక్కడే.