మదనపల్లె రోడ్డు స్టేషన్‌ను ఊరికి దూరంగానే ఉంచు

తిరుపతి

నాయనా,

రైల్‌రోడ్ టైకూన్ 3 అనే రైల్వే కంప్యూటర్ ఆటకు నువ్వు చేసిన పటం అందింది. మూడు రాత్రులు వరసగా కూర్చుని ఆడాను. పాకాల నుంచి ధర్మవరం దాకా ఒక్క స్టేషన్ కూడా వదల్లేదు నువ్వు. దామలచెరువు, పీలేరు, కలికిరి, వాయల్పాడు, కురబలకోట, ములకలచెరువు, అన్నీ ఉన్నాయి. ఆ పేర్లు తెరమీద చూస్తుంటే నా సర్వీసంతా కళ్ళముందు తిరిగింది. ఇంత ఓపిగ్గా చేసినందుకు ముందుగా శభాష్.

అయినా రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నా. పటం బాగుంది, ఆట మాత్రం లేదు. ఎక్కడ లైను వేసినా లాభమే వస్తోంది. నాలుగో ఏడాదికే బంగారు పతకం వచ్చేసింది, అదీ ఒక్కసారి కూడా టెన్షన్ పడకుండా. ఇందులో నీ తప్పేమీ లేదు, మొదటి పటం ఎవరిదైనా ఇలాగే ఉంటుంది. ఏం మార్చాలో నాకు తోచింది చెప్తాను, నిదానంగా చదువు.

రైల్‌రోడ్ టైకూన్ 3లో సరుకు ఎలా నడుస్తుందో ముందు బాగా పట్టించుకో. 1990లో సిడ్ మైయర్ చేసిన మొదటి ఆటకీ, 2003లో వచ్చిన ఈ మూడోదానికీ అసలు తేడా అక్కడే ఉంది. ఇందులో పటం మీద ప్రతి చోటా ప్రతి సరుకుకీ ఒక ధర ఉంటుంది. పాలు ఎక్కువగా దొరికే చోట చవక, దొరకని చోట ప్రియం. రైలు లేకపోయినా సరుకు ఊరికే ఉండదు. ఎద్దుల బండి మీద పోయినట్టు, ధర ఎక్కువున్న వైపు కొంచెం కొంచెంగా జరుగుతూనే ఉంటుంది. మన రైలు సంపాదించేది ఆ రెండు ధరల మధ్య తేడానే. నువ్వేమో పీలేరు దగ్గర పాడి పెట్టి, పీలేరులోనే డెయిరీ పెట్టావు. చిత్తూరు పక్కన చెరకు, దాన్ని వాడే ఫ్యాక్టరీ కూడా ఆ పక్కనే. ఇక వాటికి రైలు ఎందుకు నాయనా?

నేను దామలచెరువు వైపు పని చేసేటప్పుడు, మామిడి కాలంలో ఒక వ్యాపారి వారానికి రెండుసార్లు గూడ్స్ ఆఫీసుకు వచ్చేవాడు. వచ్చి కుర్చీలో కూడా కూర్చునేవాడు కాదు. జేబులోంచి సిగరెట్ పెట్టె అట్ట తీసి, ఒకవైపు తోటలో బెంగళూరా కాయ ధర, ఇంకోవైపు అవతలి మార్కెట్ ధర రాసుకునేవాడు. మధ్యలో మా కిరాయి, కూలి, దారిలో కుళ్ళిపోయే కాయలకు కొంత తీసేసేవాడు. మిగిలేది చేతికందేటంత ఉంటే ఇండెంట్, అంటే వ్యాగన్ కావాలనే అర్జీ, రాసేవాడు. లేకపోతే అట్ట మడిచి జేబులో పెట్టుకుని, ‘ఈ వారం వద్దులే సార్’ అని వెళ్ళిపోయేవాడు. ఆయన అట్ట మీద రాసిన లెక్కే ఈ ఆట లోపల నడిచే లెక్క. నీ పటంలో ఎక్కడ రైలు వేసినా ఆ వ్యాపారి ఇండెంట్ రాస్తాడా, అట్ట మడుస్తాడా అని అడుగు. నాలుగు చోట్ల రాయాలి, పది చోట్ల మడవాలి. అప్పుడే ఆడేవాడు ఆలోచిస్తాడు.

కాబట్టి మొదట ఊళ్ళు తగ్గించు. పన్నెండో పదమూడో చాలు: తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, గూడూరు, పుత్తూరు, పాకాల, చిత్తూరు, కాట్పాడి, మదనపల్లె, కదిరి, ధర్మవరం, కుప్పం, ఒక మూలన మద్రాసు. పీలేరును వదలాలంటే నాకూ మనసు ఒప్పడం లేదు, అయినా వదిలెయ్. అక్కడ స్టేషన్ కావాలో వద్దో ఆడేవాడే తేల్చుకుంటాడు. పండించే చోటికీ తయారుచేసే చోటికీ మధ్య కనీసం రెండు ఊళ్ళ దూరం ఉంచు. ఆటలో మామిడి లేదు కాబట్టి ప్రొడ్యూస్ అని ఉన్న సరుకును దామలచెరువు, బంగారుపాళ్యం చుట్టూ పెట్టు. దాన్ని కొనే పెద్ద ఊళ్ళన్నీ తూర్పున ఉండాలి.

పాలకు నాకొక ఆలోచన ఉంది. 2020లో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో దూద్ దురంతో రైలు మొదలైంది, నీకు గుర్తుండే ఉంటుంది. రెండు వేల కిలోమీటర్లకు పైగా పాలు మోసిన రైలు అది. మన పటంలో ఢిల్లీ పట్టదు. కానీ వాయవ్యంలో పటం అంచున ఒక వేర్‌హౌస్ పెట్టి, అది పాలు మాత్రమే కొనేలా చెయ్. బంగారు పతకానికి అక్కడికి ఇన్ని లోడ్లు చేర్చాలని షరతు పెట్టు. ఆ మూలకు ఇంకే పనీ లేకుండా ఉంచితే, పాల కోసం అంత దూరం పట్టాలు వేయాలా వద్దా అని ఆడేవాడు రాత్రంతా లెక్కలు వేసుకుంటాడు.

ఇప్పుడు కొండల సంగతి. నీ పటం చదునుగా ఉండటానికి కారణం నాకు అర్థమైంది, ఎత్తులు చేత్తో గీశావు. అలా వద్దు. 2000లో అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ భూమి ఎత్తులు కొలిచిన సమాచారం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని నలుపు తెలుపు బొమ్మగా మార్చుకో. పల్లం నలుపుగా, ఎత్తు తెలుపుగా వస్తుంది. దాన్ని పటాలు తయారుచేసే ఎడిటర్‌లోకి ఎక్కిస్తే శేషాచలం, నగరి కొండలు, హార్సిలీ హిల్స్ అన్నీ వాటి చోట అవే లేస్తాయి. ఆటలో నేల దూరాలు కుదించి ఉంటాయి కాబట్టి, ఎత్తులు నిజమైనవే ఉంచితే గోడల్లా నిలబడతాయి. ఎత్తును సగానికో ఇంకా తక్కువకో దించి చూడు. బొమ్మను కొంచెం మెత్తబరచు, లేకపోతే పట్టాల కింద నేల మెట్లు మెట్లుగా వస్తుంది.

తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే, మదనపల్లె దాదాపు 700 మీటర్లు. ఆ ఎక్కుడే మన పటానికి ప్రాణం. ఆడేవాడికి రెండు దారులు వదులు. ఒకటి చుట్టూ తిరిగి నూటికి ఒకటి, ఒకటిన్నర చొప్పున మెల్లగా ఎక్కేది. రెండోది దగ్గర దారి, నూటికి అయిదో ఆరో ఎక్కేది. దగ్గర దారి వేసినవాడికి పట్టాల ఖర్చు మిగులుతుంది, కానీ లోడుతో వచ్చే బండి కొండ మీద నత్తలా పాకుతుంది. ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది అసలైన రైల్వేలోనూ ఇంజనీర్లకు తలనొప్పే.

తిరుమలకు రైలు పెట్టాలని నీకు ఆశ ఉందని నాకు తెలుసు. నీ పటంలో కొండ మీద ఊరు పెట్టి పట్టాలు లాగావు కూడా. ఆ లెక్క ఒకసారి చెయ్యి. కొండ 850 మీటర్లు, తిరుపతి 160, ఎక్కాల్సింది 690 మీటర్లు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు 19 కిలోమీటర్లు. అదే దారిన పట్టాలు వేసినా 27 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కాలి. బొంబాయి, పూనా మధ్య భోర్ ఘాట్‌లో 37కి ఒకటి చొప్పున ఎక్కడానికే వెనక నుంచి బ్యాంకర్ ఇంజన్లు తోస్తాయి. నీలగిరి రైలు 12కి ఒకటి ఎక్కుతుంది, కానీ దానికి మధ్యలో ఇంజన్ పంటి చక్రం పట్టుకుని ఎక్కే పళ్ళ పట్టా ఉంది. ఈ ఆటలో పళ్ళ పట్టా లేదు. తిరుమలను ఊరుగా తీసేసి, తిరుపతికే యాత్రికుల బలం ఇవ్వు.

ఆ బలం కూడా జాగ్రత్తగా ఇవ్వాలి. నా మొదటి పటాన్ని ఎదురింటి పిల్లాడు ఆడుతుంటే వెనక కుర్చీ వేసుకుని చూశాను. వాడు తిరుపతి నుంచి మద్రాసుకు ఒక్క లైను వేసి, ఎనిమిది ప్యాసింజర్ బండ్లు తిప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను వారాల తరబడి గీసిన పడమటి సగాన్ని వాడు తెరమీదికి కూడా తీసుకురాలేదు. ఏమీ అనకుండా లేచి వచ్చి, ఆ రాత్రే తిరుపతిని చిన్న ఊరుగా మార్చాను. మొదట్లో చిన్నదిగా ఉంచి, ఈవెంట్ల ద్వారా, అంటే ఆటలో ముందే రాసిపెట్టే సంఘటనల ద్వారా, పదేళ్ళకోసారి పెంచుకుంటూ పో. నీ పటాన్ని వేరేవాడు ఆడుతుంటే నువ్వూ ఇలాగే నోరు మెదపకుండా కూర్చో. ‘అక్కడ కాదు, ఇక్కడ వెయ్’ అని నీకు అనాలనిపించిన ప్రతి చోటూ కాగితం మీద రాసుకో. దిద్దాల్సినవి అవే.

నదుల విషయంలో నువ్వు చేసిన పొరపాటు నేనూ చేశాను. స్వర్ణముఖిని చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాటేదాకా నిండు నదిలా గీశావు. చూడటానికి బాగుంది. కానీ ఈ ఆటలో నది వెంట సరుకు సులభంగా కదులుతుంది. నీ స్వర్ణముఖి నీ రైలుకే పోటీ అయింది! మన నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కదా. నీళ్ళు తీసేసి పల్లంగా మాత్రం ఉంచు. వంతెన ఖర్చు ఎలాగూ తప్పదు, ఉచిత రవాణా మాత్రం పోతుంది. బాహుదా, నీవా నదులకూ అదే చెయ్.

మదనపల్లె స్టేషన్‌ను నువ్వు ఊరి నడిమధ్యలో పెట్టావు. దాన్ని సి.టి.ఎం. అనే ఊరి దగ్గరికి జరుపు. నిజంగా మదనపల్లె రోడ్డు స్టేషన్ ఊరికి పది కిలోమీటర్ల పైనే ఉంది. అక్కడ నేను రాత్రి డ్యూటీ చేసిన రోజుల్లో, బండి దిగినవాళ్ళు ట్రంకు పెట్టెల మీద కూర్చుని బస్సు కోసం చూసేవాళ్ళు. దూరాన మలుపులో లైట్లు కనబడగానే అందరూ ఒక్కసారే లేచేవాళ్ళు. అది లారీ అని తెలిశాక మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఒక ముసలమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చి, ‘ఊరు ఆడుండగా స్టేషన్ ఈడ కట్టిందెవరు నాయనా’ అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఆటలో స్టేషన్ చుట్టూ కొంత మేరకే సరుకు, జనం అందుతారు. సి.టి.ఎం. దగ్గర నేల చదును, స్టేషన్ చవక, కానీ ఊరు సగం కూడా అందదు. ఊళ్ళోకి పోవాలంటే పట్టాలు ఎక్కించాలి, డబ్బు పోయాలి. ఎటు పోవాలో ఆడేవాడినే తేల్చుకోనీ. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్న వాడికీ రావాలి.

ఆట మొదలయ్యే సంవత్సరం 1891 పెట్టావు, బాగుంది. మన వైపు మీటర్ గేజ్ లైన్లు వచ్చిన కాలం అదే. అప్పుడు రేణిగుంటలో మద్రాసు, బొంబాయి బ్రాడ్ గేజ్ లైను ఉండేది. పట్టాల మధ్య వెడల్పు వేరు కాబట్టి, ఈ రెండు గేజ్‌లు కలిసే చోట సరుకంతా కూలీలు ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌కు మార్చాల్సిందే. ఆటలో గేజ్‌లు లేవు. కానీ టెరిటరీ, అంటే వేరే హద్దుల ప్రాంతం, గీసే వీలుంది కదా. రేణిగుంటకు తూర్పునున్నదంతా ఒక టెరిటరీ చేసి, లోపలికి పోవడానికి బాగా ఖర్చు పెట్టు. డబ్బు కూడేదాకా ఆడేవాడు పడమటే తిరగాలి. అప్పుడు నీ పడమటి సగం వృథా పోదు. కుప్పానికి మాత్రం ఏ సాయమూ చెయ్యకు. ఈ రోజుకీ చిత్తూరు నుంచి కుప్పానికి రైల్లో పోవాలంటే కాట్పాడి, జోలార్‌పేట తిరిగి పోవాలి. ఆ ఖాళీని అలాగే వదిలితే ఎవడో ఒకడు పలమనేరు మీదుగా దారి వెతుకుతాడు. నేనైతే అదే మొదట చేస్తాను.

ఈవెంట్లు ఎక్కువ రాయొద్దు. నీ పటంలో ప్రతి మూడు నెలలకూ ఒక సందేశం వస్తోంది, చదివేలోపు బండి ఆగిపోతోంది. ఏడాదికొకటి చాలు. పోటీ కంపెనీలను ఒకటికి తగ్గించు. కొండ నేల మీద కంప్యూటర్ కంపెనీలు నిలబడటం నేను పెద్దగా చూడలేదు.

ఇక పరీక్ష. కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ తోటలు, మిల్లులు కొంచెం అటూ ఇటూ మారతాయి. ఒక్కసారి గెలిచానని పటం అయిపోయిందనుకోవద్దు. కనీసం అయిదుసార్లు ఆడు. ఒకసారి ప్యాసింజర్లతోనే, ఒకసారి సరుకుతోనే, ఒకసారి అప్పు కోసం బాండ్లు నిండా అమ్మి, ఒకసారి ఒక్క బాండు కూడా అమ్మకుండా. ఏ ఒక్క పద్ధతీ ప్రతిసారీ గెలవకూడదు. కంచు పతకం కొత్తవాడికి కూడా దక్కాలి. బంగారం నీకే రెండు మూడుసార్లు తప్పిపోవాలి. ప్రతి మార్పుకూ ముందు పటాన్ని తేదీ పేరుతో వేరే దాచుకో. ఒకసారి కరెంటు పోయి నా పదకొండు రోజుల పని ఒక్క క్షణంలో పోయింది. ఇంకో నెల దాకా ఎడిటర్ తెరవబుద్ధి కాలేదు.

ముందు ఊళ్ళు, ఎత్తులు సరిచేసి పంపు. పతకాల షరతులు ఇప్పుడే రాయకు, ఖాళీగా వదిలెయ్. ఆదివారం మీ పెద్దమ్మ కొండకు పోతానంటోంది, ఇంట్లో నేనొక్కడినే ఉంటాను. పొద్దున్నుంచీ కూర్చుని ఆడి, ఎన్ని లోడ్లకు ఏ సంవత్సరం గడువు పెట్టాలో అంకెలు రాసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాయన